కళాస్వేచ్ఛకు అంతర్జాతీయ చట్టం అండ ఎంత? ‘మా సంస్కృతి వేరు’ అన్నప్పుడు ఏమవుతుంది?

మీ ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. ఒక దేశంలో గ్యాలరీ గోడకు వేలాడే బొమ్మ పక్క దేశంలో పోలీసు కేసు అయిపోతుంటే అంతర్జాతీయ చట్టం ఏం చేయగలదన్నది మొదటిది. సంస్కృతులు ఇంత వేరువేరుగా ఉన్నప్పుడు అందరినీ ఒకే కొలతతో కొలవడం పాశ్చాత్య విలువలను రుద్దడం కాదా అన్నది రెండోది. మీ నాటక బృందం వేరే దేశంలో ప్రదర్శన ఇచ్చినప్పుడు ఏదైనా గొడవైతే దిక్కెవరన్నది మూడోది. మూడింటికీ రాస్తాను గానీ రెండోదాని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. చదువుకున్న లాయర్లు కూడా తడబడేది అక్కడే.

ముందే నా అభిప్రాయం చెప్పేస్తాను. కళాకారుల తరఫున ఇలాంటి ఫిర్యాదులు రాయడంలో చాలా ఏళ్లు గడిపాను. ‘మా సంస్కృతి వేరు, మా జనం ఒప్పుకోరు’ అనే వాదన పరాయి దేశపు కళాకారుడి మీద వచ్చేది తక్కువ. ఎక్కువగా సొంత పౌరుడి మీదే వస్తుంది. అదే భాషలో పాడుతూ, అదే మతంలో పుట్టి, అవే కథలు వింటూ పెరిగిన మనిషి మీద వస్తుంది. ఒకే సంస్కృతి లోపల దాని తరఫున మాట్లాడే హక్కు ఎవరిదన్నదే అసలు తగువు. ఎవరి సంస్కృతి గొప్పదో అంతర్జాతీయ చట్టం తేల్చదు. కళాకారుణ్ణి ఆపాలనుకునేవాళ్లు ఏం రుజువు చేయాలో మాత్రం చెబుతుంది. దాని బలం అందులో ఉంది, బలహీనత అమలులో ఉంది.

చట్టంలో ఏం రాసి ఉందన్న సంగతి త్వరగా ముగిస్తాను. 1948 నాటి సార్వత్రిక మానవ హక్కుల ప్రకటనలో 19వ అధికరణం భావప్రకటన గురించి, 27వ అధికరణం సాంస్కృతిక జీవితంలో స్వేచ్ఛగా పాల్గొని కళలను ఆస్వాదించే హక్కు గురించి చెబుతాయి. అది ప్రకటన మాత్రమే. దేశాల చేతులు కట్టేసేవి 1966లో ఆమోదం పొంది 1976లో అమల్లోకి వచ్చిన రెండు ఒడంబడికలు. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక 19వ అధికరణం రెండో క్లాజులో మాట, రాత, అచ్చుతో పాటు కళారూపాన్ని కూడా పేరు పెట్టి చేర్చారు. కాబట్టి ‘భావప్రకటన అంటే పత్రికలు, ప్రసంగాలు, బొమ్మలకేం సంబంధం’ అనే వాదనకు తావే లేదు. ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల ఒడంబడిక 15వ అధికరణం మూడో క్లాజు ఇంకో మెట్టు ఎక్కి, సృజనకు తప్పనిసరైన స్వేచ్ఛను గౌరవిస్తామని దేశాల చేత మాట ఇప్పించుకుంది.

ఈ రెండోదాన్ని చాలామంది మరిచిపోతారు. అలా మరిచిపోకూడదు. చైనా మొదటి ఒడంబడిక మీద 1998లో సంతకం పెట్టి ఇప్పటికీ ధ్రువీకరించలేదు. రెండోదాన్ని మాత్రం 2001లో ధ్రువీకరించింది. అమెరికాది తలకిందుల లెక్క. మొదటిది 1992లో ధ్రువీకరించింది, రెండోదాని మీద 1977లో సంతకం పెట్టి అక్కడే ఆగిపోయింది. మీ కేసు ఏ దేశంలో ఉందో చూసుకుని ఏ ఒడంబడికను ముందు పెట్టాలో నిర్ణయించుకోవాలి.

ఇక హద్దుల సంగతి. స్వేచ్ఛకు హద్దుల్లేవని ఈ ఒడంబడికలు ఎక్కడా అనలేదు. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక 19వ అధికరణం మూడో క్లాజు ప్రకారం ఆంక్ష పెట్టొచ్చు. అయితే ఆ ఆంక్ష చట్టంలో ముందే రాసి ఉండాలి, చదివినవాడికి ఏది నేరమో అర్థమయ్యేలా ఉండాలి. ఇతరుల హక్కులు, పరువు, దేశ భద్రత, శాంతిభద్రతలు, ప్రజారోగ్యం, నైతికత, వీటిలో ఏదో ఒకదాని కోసమే అయి ఉండాలి. ఆ పైన అది నిజంగా అవసరమని, అవసరానికి మించి లేదని ప్రభుత్వమే చూపించాలి. మొదటి రెండూ ప్రభుత్వాలకు పెద్ద కష్టం కాదు. ఏదో ఒక చట్టం ఉండనే ఉంటుంది, ‘శాంతిభద్రతలు’ అనే మాట ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. గెలుపోటములు తేలేది చివరిదాని దగ్గరే.

అది ఎలా తేలుతుందో చూడాలంటే దక్షిణ కొరియా చిత్రకారుడు షిన్ హక్‌చుల్ కేసు కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. 1987లో ఆయన వరినాట్ల దృశ్యం ఒకటి గీశారు. కాన్వాస్ పై భాగంలో పూసిన చెట్లు, పంట చేతికొచ్చిన సంబరంలో రైతులు, గంతులేసే పిల్లలు. కింది భాగంలో నాట్లేసే రైతు కోకాకోలాను, రాంబోను, ట్యాంకులను, అణ్వాయుధాలను, విదేశీ నాయకులను ఊడ్చేస్తున్నాడు. పై భాగం ఉత్తర కొరియా అనీ, శత్రువును పొగిడే బొమ్మ అనీ ప్రాసిక్యూషన్ అర్థం చెప్పింది. 1989లో జాతీయ భద్రతా చట్టం కింద అరెస్టు చేసి బొమ్మను పట్టుకుపోయారు. కింది కోర్టులు ఆయన్ను నిర్దోషి అన్నాయి. 1998లో సుప్రీంకోర్టు దాన్ని తిరగదోడింది, 1999లో దోషి అని తేలింది. అప్పుడాయన, పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక అమలును చూసే ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీకి వెళ్లారు.

2004లో కమిటీ ఇచ్చిన నిర్ణయం చదవడానికి చప్పగా ఉంటుంది. బొమ్మ గొప్పదా, దానికి ఏ అర్థం సరైనది అన్న చర్చ లేదు. కొరియా పరిస్థితి ప్రత్యేకమా కాదా అన్న ఉపన్యాసమూ లేదు. కమిటీ అడిగింది ఒక్కటే. ఈ ఫలానా బొమ్మ వల్ల దేశ భద్రతకు కచ్చితంగా ఏ ముప్పు వచ్చింది? దాన్ని జప్తు చేసి మనిషికి శిక్ష వేయడం ఎందుకు అవసరమైంది? ప్రభుత్వం దానికి విడిగా, నిర్దిష్టంగా జవాబివ్వలేకపోయింది. 19వ అధికరణం ఉల్లంఘన జరిగిందని, బొమ్మను మొదట ఉన్న స్థితిలోనే తిరిగివ్వాలని, అందుకయ్యే ఖర్చు ప్రభుత్వమే పెట్టుకోవాలని కమిటీ చెప్పింది. ఆ బొమ్మ ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి ప్రభుత్వ కస్టడీలోనే ఉండిపోయింది. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

ఈ కేసులో గీసినవాడు కొరియన్, పట్టుకెళ్లిందీ కొరియన్లే, గీసింది కొరియా పల్లె దృశ్యమే. ఇందులో రుద్దడానికి పాశ్చాత్య సంస్కృతి ఎక్కడుంది? పైగా బొమ్మలో ఊడ్చేస్తున్న చెత్తలో చాలా భాగం పాశ్చాత్య దేశాల నుంచి వచ్చిందే!

నైతికత దగ్గర విషయం ఇంత తేలిగ్గా ఉండదు, ఒప్పుకుంటాను. దేశ భద్రతకు ముప్పు ఉందో లేదో ఆధారాలతో చూడొచ్చు, మరి నగ్నచిత్రం అసభ్యమో కాదో ఎవరు చెప్పాలి? కమిటీ 2011లో వెలువరించిన 34వ సాధారణ వ్యాఖ్య, అంటే 19వ అధికరణానికి కమిటీ చెప్పిన వివరణ, దీనికి ఒక దారి చూపించింది. నైతికత అనేది ఎన్నో సామాజిక, తాత్విక, మత సంప్రదాయాల నుంచి వచ్చింది కాబట్టి, దాని పేరుతో పెట్టే ఆంక్ష ఒకే ఒక్క సంప్రదాయం మీద ఆధారపడకూడదు అంది. సంస్కృతుల వైవిధ్యాన్ని ఒప్పుకుంటూనే దాన్ని ప్రభుత్వం చేతిలో కర్ర కాకుండా చేసిన వాక్యమిది. మీ దేశంలో నాలుగు సంప్రదాయాలుంటే, వాటిలో ఒకదాని కోపాన్ని దేశమంతటి నైతికతగా చూపించడం కుదరదు.

యూరప్ మానవ హక్కుల కోర్టు మాత్రం ఈ విషయంలో చాలాకాలం అటూ ఇటూ ఊగింది. అసభ్యమంటూ తన పుస్తకాన్ని జప్తు చేసినందుకు బ్రిటన్ ప్రచురణకర్త హ్యాండీసైడ్ వేసిన కేసులో, 1976లో అందరూ తల ఊపే మాట చెప్పింది. జనానికి నచ్చే భావాలకే కాదు, నొప్పించే, దిగ్భ్రాంతి కలిగించే, కలవరపెట్టే భావాలకు కూడా రక్షణ ఉంటుందని. అదే తీర్పులో, నైతికత విషయంలో స్థానిక పరిస్థితి స్థానిక అధికారులకే బాగా తెలుసు కనుక వాళ్లకు కొంత వెసులుబాటు ఇవ్వాలని కూడా అంది. హ్యాండీసైడ్ ఓడిపోయాడు. మొదటి మాటను కోట్ చేసేవాళ్లలో సగం మంది ఈ సంగతి చెప్పరు.

ఆ వెసులుబాటే తర్వాత కొంపలు ముంచింది. స్విట్జర్లాండ్‌లోని ఫ్రిబూర్‌లో 1981 నాటి ఒక ప్రదర్శనలో జోసెఫ్ ఫెలిక్స్ ముల్లర్ గీసిన మూడు పెద్ద బొమ్మలను అసభ్యమని పట్టుకుపోయి జరిమానా వేశారు. 1988లో యూరప్ కోర్టు తప్పులేదంది. ప్రవేశానికి వయసు పరిమితి లేదు, టికెట్ లేదు, ఎవరైనా లోపలికి రావొచ్చు అన్నది ఒక కారణం. సరే, అందులో కొంత అర్థముంది. కానీ ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో 1985లో ఒక సంస్థ మతం మీద వ్యంగ్యంగా తీసిన సినిమా వేయబోయినప్పుడు ఈ జాగ్రత్తలన్నీ తీసుకుంది. 17 ఏళ్లు దాటినవాళ్లకే ప్రవేశం అంది, సినిమాలో ఏముందో ముందే ప్రకటించింది. అయినా మొదటి ఆటకు ముందే ప్రింటు జప్తయింది. 1994లో యూరప్ కోర్టు 6–3 తేడాతో ఆస్ట్రియా పక్షం వహించింది. అక్కడి టిరోల్ ప్రాంతంలో 87 శాతం మంది క్యాథలిక్కులని, మతశాంతి కాపాడటం సబబేనని అంది. నా దృష్టిలో ఇది చెడ్డ తీర్పు. తెలిసి, డబ్బిచ్చి, తలుపు తోసుకుని లోపలికొచ్చే పెద్దవాళ్లు చూసే సినిమా బయట ఉన్నవాళ్ల భక్తికి ఎలా అడ్డమైందో ఆ తీర్పులో ఎక్కడా సరైన జవాబు దొరకదు.

ఇప్పుడు దాని పక్కన చిలీని పెట్టి చూడండి. క్రీస్తును సందేహాలు, కోరికలు ఉన్న మనిషిగా చూపించిన ఒక హాలీవుడ్ సినిమాను చిలీ 1988లో నిషేధించింది. 1996లో సెన్సార్ మండలి 18 ఏళ్లు దాటినవాళ్లకు అనుమతిస్తే, మరుసటి ఏడు కోర్టులు ఆ అనుమతిని కొట్టేశాయి. కేసు అమెరికా ఖండాల మానవ హక్కుల కోర్టుకు చేరింది. 2001 ఫిబ్రవరిలో ఆ కోర్టు, ముందస్తు సెన్సార్ అమెరికా ఖండాల మానవ హక్కుల ఒప్పందం 13వ అధికరణానికి విరుద్ధమని తీర్పిచ్చింది. పిల్లల రక్షణ కోసం ప్రవేశాన్ని నియంత్రించొచ్చు, అంతే. సినిమానొక్కటే వదిలిపెట్టమని ఊరుకోలేదు, చిలీ తన రాజ్యాంగాన్నే మార్చుకోవాలంది. చిలీ అదే ఏడాది మార్చుకుంది కూడా.

టిరోల్‌లోనూ చిలీలోనూ జనం ఎక్కువగా క్యాథలిక్కులే. నొచ్చుకున్న కారణమూ ఒకటే. ఫలితం మాత్రం పూర్తిగా తారుమారైంది. తేడా ఎక్కడ వచ్చింది? ఒప్పందంలో రాసిన వాక్యంలో వచ్చింది. ముందస్తు సెన్సార్ వద్దని అమెరికా ఖండాల ఒప్పందం సూటిగా చెప్పింది, యూరప్ ఒప్పందం చెప్పలేదు. ‘సంస్కృతి ఒప్పుకోదు కాబట్టి చట్టం ఏం చేయలేదు’ అనేవాళ్లకు నేను ఈ రెండు కేసులూ కలిపి చదవమంటాను.

యూరప్ కోర్టు తర్వాత కొంత మారింది. 2010లో టర్కీ ప్రచురణకర్త ఒకరికి, వందేళ్ల నాటి ఫ్రెంచ్ శృంగార నవలను టర్కిష్‌లో అచ్చేసినందుకు పడిన శిక్షను తప్పుపట్టింది. యూరప్ సాహిత్య వారసత్వంలో భాగమైన రచనను ఒక భాష పాఠకులకు అందకుండా చేసేంత దూరం స్థానిక వెసులుబాటు వెళ్లదంది. 2018లో దుస్తుల ప్రకటనల్లో జీసస్, మేరీ బొమ్మలు వాడినందుకు లిథువేనియా వేసిన జరిమానానూ తప్పుపట్టింది. టర్కీ తీర్పు మంచిదే గానీ దాని కారణం నాకు గుచ్చుకుంటుంది. వందేళ్లు బతికిన పుస్తకానికి వారసత్వం అండగా నిలిచింది, మరి నిన్న రాసిన కొత్త రచయిత దేన్ని చూపించుకోవాలి?

మతం విషయంలో ఇంకో పెద్ద మలుపు ఐక్యరాజ్యసమితిలోనే జరిగింది. 1999 నుంచి 2010 దాకా ‘మతాల పరువుకు భంగం’ కలిగించడాన్ని ఖండిస్తూ తీర్మానాలు వరుసగా ఆమోదం పొందాయి. చివరి కొన్నేళ్లలో వాటికి మద్దతు తగ్గుతూ వచ్చింది. 2011లో మానవ హక్కుల మండలి 16/18 నంబరు తీర్మానంతో దారి మార్చింది. మతాన్ని కాపాడటం అనే మాట పక్కకు పోయి, మతం కారణంగా మనుషుల మీద జరిగే వివక్ష, హింస, రెచ్చగొట్టడం ముందుకొచ్చాయి. అదే ఏడాది నేను పైన చెప్పిన 34వ సాధారణ వ్యాఖ్య, విద్వేషాన్ని రెచ్చగొట్టే సందర్భం తప్ప దైవదూషణ చట్టాలు ఒడంబడికకు పొసగవని తేల్చింది. హక్కులు మనుషులవి. నమ్మకానికి పరువునష్టం దావా వేసే హక్కు లేదు, నమ్మేవాడికి భయం లేకుండా బతికే హక్కు ఉంది.

ఈ గీత నిజ జీవితంలో ఎక్కడ పడుతుందో చెప్పడానికి ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో 2012లో తయారైన రబాత్ కార్యాచరణ ప్రణాళిక పనికొస్తుంది. ఒక వ్యక్తీకరణ నేరమయ్యేంత విద్వేషమా కాదా తేల్చడానికి అది ఆరు విషయాలు చూడమంటుంది. అప్పటి పరిస్థితి, మాట్లాడినవాడి స్థాయి, ఉద్దేశం, విషయమూ దాని రూపమూ, ఎంతమందికి చేరింది, నిజంగా హాని జరిగే అవకాశం ఎంత. కళకు ఇందులో రూపం, ఉద్దేశం చాలా ముఖ్యం. నాటకంలో దుర్మార్గుడి పాత్ర పలికిన మాట నాటక రచయిత అభిప్రాయం కాదు. నవ్వొచ్చేంత చిన్న సంగతిలా ఉంది కదా? కోర్టుల్లో దీనికోసమే గంటలకొద్దీ వాదించాల్సి వస్తుంది. సాంస్కృతిక హక్కులపై ఐక్యరాజ్యసమితి ప్రత్యేక నివేదకురాలిగా పనిచేసిన ఫరీదా షహీద్ 2013లో కళాస్వేచ్ఛపై ఇచ్చిన నివేదికలో దీన్ని సూటిగా రాశారు. నవలలోని పాత్ర మాటను రచయిత సొంత అభిప్రాయంగా తీసుకోకూడదని. మీ కేసులో పాత్రల మాటలను పట్టుకుని ఆరోపణ చేస్తే ఆ నివేదికను జతచేయండి.

ఫరీదా షహీద్ పాకిస్తాన్‌కు చెందిన సామాజిక శాస్త్రవేత్త. ‘పాశ్చాత్యుల రుద్దుడు’ అనే ప్రశ్నకు ఈ సంగతి కూడా కొంత జవాబే. 1948 ప్రకటన తయారీలో లెబనాన్‌కు చెందిన చార్లెస్ మాలిక్, చైనాకు చెందిన పి.సి. చాంగ్, చిలీకి చెందిన హెర్నాన్ శాంటా క్రూజ్, ఇండియాకు చెందిన హంసా మెహతా కూర్చుని వాక్యవాక్యం దగ్గర వాదించుకున్నారు. అప్పటికి ఆఫ్రికాలో, ఆసియాలో చాలా దేశాలు ఇంకా వలసపాలనలో ఉన్నాయి, వాటికి ఆ గదిలో చోటు లేదు. ఆ విమర్శ న్యాయమైనదే. అయితే ఆ దేశాల్లో చాలావరకు స్వాతంత్ర్యం వచ్చాక 1966 ఒడంబడికలను తమంతట తామే ధ్రువీకరించాయి. ఇక యునెస్కో 2005లో చేసిన సాంస్కృతిక వ్యక్తీకరణల వైవిధ్యం ఒప్పందం, వైవిధ్యాన్ని కాపాడటానికే పుట్టింది. దానికి వ్యతిరేకంగా ఓటు వేసింది అమెరికా, ఇజ్రాయెల్ మాత్రమే. ఆ ఒప్పందం రెండో అధికరణమే, దీన్ని అడ్డం పెట్టుకుని ఎవరూ మానవ హక్కులను కాలరాయకూడదంటుంది.

పాశ్చాత్య దేశాల చరిత్ర కూడా అంత శుభ్రంగా ఏమీ లేదు. ఇంగ్లండ్, వేల్స్‌లో దైవదూషణ నేరం 2008 దాకా బతికే ఉంది. విదేశీ పాలకుణ్ణి అవమానించడం నేరమన్న జర్మనీ చట్టం 2018 మొదటి రోజున గాని పోలేదు, అదీ టర్కీ అధ్యక్షుడి మీద టీవీలో ఒక వ్యంగ్య కవిత చదివాక రేగిన దుమారం వల్ల. డెన్మార్క్ 2017లో దైవదూషణ చట్టం ఎత్తేసి, 2023 డిసెంబర్‌లో మతగ్రంథాలను బహిరంగంగా అవమానించడం నేరమంటూ కొత్త చట్టం తెచ్చింది. ఆరేళ్లలో డేన్ల సంస్కృతి మారిపోయిందా? మారింది రాజకీయం.

అయితే ‘మా సంస్కృతి’ అనే వాదన నిజంగా బరువున్న చోటు ఒకటుంది. ఆదివాసీ సమూహాల విషయంలో. ఆస్ట్రేలియాలో గనల్‌బింగు తెగకు చెందిన జాన్ బులున్ బులున్ గీసిన బొమ్మను ఒక వస్త్ర కంపెనీ అడగకుండా బట్ట మీద అచ్చేసింది. ఆ బొమ్మలోని దృశ్యం తెగకు పవిత్రమైనది, దాన్ని ఎవరు, ఎలా గీయొచ్చో తెగ కట్టుబాట్లున్నాయి. 1998లో అక్కడి ఫెడరల్ కోర్టు, కాపీరైట్ తెగది కాదు గానీ, ఆ దృశ్యాన్ని తెగ నమ్మకంతో అప్పగించింది కాబట్టి దాని విలువను కాపాడే బాధ్యత చిత్రకారుడికి ఉంటుందని చెప్పింది. 2007 నాటి ఆదివాసీ ప్రజల హక్కుల ప్రకటన 31వ అధికరణం, తమ సంప్రదాయ సాంస్కృతిక వ్యక్తీకరణల మీద అదుపు ఆ ప్రజలదేనంటుంది. దీన్ని, ‘మా మనోభావాలు దెబ్బతిన్నాయి’ అనేదానితో కలపొద్దు. ఇక్కడ అడుగుతున్నది తమ దగ్గరి నుంచి తీసుకెళ్లినదాని మీద హక్కు, అదీ ఎప్పుడూ అధికారం చేతిలో లేని సమూహం. మెజారిటీ మతానికి, ప్రభుత్వానికి ఆ వాదన అరువివ్వడానికి లేదు. ఇంకో సమూహపు కథను మీ నాటకంలో వాడుతున్నట్లయితే మాత్రం ముందే వాళ్లతో మాట్లాడండి. చట్టం భయంతో అని కాదు, అది వాళ్లది కాబట్టి.

ఇప్పుడు అమలు. షిన్ హక్‌చుల్ బొమ్మ కస్టడీలోనే ఎందుకు ఉండిపోయింది? మానవ హక్కుల కమిటీ నిర్ణయాలకు కోర్టు డిక్రీకి ఉండే బలం లేదు. అసలు అక్కడికి వెళ్లాలన్నా వ్యక్తులు కమిటీకి ఫిర్యాదు చేయడానికి వీలిచ్చే మొదటి ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో ఆ దేశం చేరి ఉండాలి, దేశంలోని కోర్టులన్నీ తిరిగి ఉండాలి. ఇండియా, అమెరికా, చైనా ఆ ప్రోటోకాల్‌లో లేవు. యూరప్ కోర్టు తీర్పులు కట్టుబడి ఉండాల్సినవే, కానీ అక్కడ దేశీయ తుది తీర్పు వచ్చిన నాలుగు నెలల్లోపే దరఖాస్తు పెట్టాలి. ఇంతకుముందు ఆరు నెలలుండేది, 2022లో తగ్గించారు. మాస్కో చర్చిలో నిరసన పాట పాడిన పుస్సీ రయట్ అనే బృందం సభ్యులు 2018లో ఆ కోర్టులోనే గెలిచారు. నాలుగేళ్లు తిరక్కుండానే ఆ కోర్టు ఏ కూటమిదో ఆ కౌన్సిల్ ఆఫ్ యూరప్ నుంచి రష్యా బయటికెళ్లిపోయింది. ఆసియాకైతే మానవ హక్కుల కోర్టే లేదు. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్ 2012లో చేసిన మానవ హక్కుల ప్రకటన ఉంది గానీ, దాని కింద ఫిర్యాదు తీసుకుని తీర్పిచ్చే కోర్టు లేదు.

అందుకే అత్యవసరంలో నేను ముందు వాడేది ప్రత్యేక నివేదకుల దారి. సాంస్కృతిక హక్కులకు ఒకరు, భావప్రకటనకు మరొకరు ఉంటారు. దేశం ఏ ఒడంబడికలో ఉందన్న పట్టింపు లేదు, కింది కోర్టులన్నీ తిరగాల్సిన పని లేదు. ఫిర్యాదు నమ్మదగ్గదిగా ఉంటే వాళ్లు నేరుగా ఆ ప్రభుత్వానికి లేఖ రాస్తారు, ఆ లేఖ తర్వాత బహిరంగమవుతుంది. లేఖతో ఏం ఒరుగుతుందని అడుగుతారు. ఒక్కోసారి ఏమీ ఒరగదు. కానీ విచారణ ఖైదీగా ఉన్న కళాకారుడి బెయిల్ విచారణలో ఆ లేఖను లాయరు జడ్జి ముందు పెట్టగలుగుతాడు.

ప్రభుత్వం కాకుండా గుంపు వచ్చి పడితే? ఇది ఇప్పుడు ఎక్కువ. 34వ సాధారణ వ్యాఖ్య ప్రకారం, భావప్రకటన హక్కు వాడుకునేవాళ్ల నోరు మూయించే దాడుల నుంచి కాపాడటం కూడా ప్రభుత్వం బాధ్యతే. గుంపు బెదిరించింది కాబట్టి ప్రదర్శన ఆపేశామనడం చట్టం దృష్టిలో తేలికైన సాకు. తిరగబడిన ఉదాహరణ కూడా చెబుతాను. 2003 జనవరిలో మాస్కోలోని సఖరోవ్ సెంటర్‌లో మతం మీద పెట్టిన ఒక చిత్ర ప్రదర్శనను కొందరు ధ్వంసం చేశారు. ధ్వంసం చేసినవాళ్లు బయటపడ్డారు, ప్రదర్శన నిర్వహించినవాళ్లకు 2005లో శిక్షగా జరిమానా పడింది. కాబట్టి బెదిరింపు వచ్చిన మొదటి రోజే రక్షణ కోరుతూ రాతపూర్వకంగా ఇవ్వండి, అందినట్టు రసీదు తీసుకోండి. ప్రభుత్వం చేతులు కట్టుకు కూర్చుందని తర్వాత రుజువు చేయడానికి ఆ కాగితమే ఆధారం.

చివరగా మీ బృందం సంగతి. వేరే దేశంలో ప్రదర్శిస్తే అక్కడి చట్టమే వర్తిస్తుంది, మీ పాస్‌పోర్టు మిమ్మల్ని కాపాడదు. స్క్రిప్టును ముందుగా అక్కడి లాయరుకు చూపించండి. ఆహ్వానించిన సంస్థతో ఒప్పందంలో, ప్రదర్శన ఆగితే డబ్బు ఎవరిది, కేసు పడితే లాయరు ఖర్చు ఎవరిది అన్న రెండు సంగతులూ రాయించుకోండి. అరెస్టయితే మీ రాయబార కార్యాలయానికి కబురు పంపమని అడిగే హక్కు 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందం 36వ అధికరణం ఇస్తుంది. ఆ హక్కు గురించి పోలీసులే చెప్పాలి, చెప్పకపోతే మీరే అడగండి.

సొంత దేశంలో తన మీద కేసు ఉండి బయట ఉన్న కళాకారుడి పరిస్థితి వేరు. స్పెయిన్ ర్యాపర్ వాల్టోనిక్‌కు పాటల్లో ఉగ్రవాదాన్ని పొగిడాడని, రాజకుటుంబాన్ని అవమానించాడని మూడున్నరేళ్ల జైలు పడింది. 2018లో బెల్జియం వెళ్లిపోయాడు. అప్పగించమని స్పెయిన్ అడిగితే బెల్జియం కోర్టులు ఒప్పుకోలేదు, కేసు యూరప్ యూనియన్ న్యాయస్థానం దాకా వెళ్లి వచ్చినా 2022లో జవాబు అదే. మధ్యలో 2021లో బెల్జియం రాజ్యాంగ న్యాయస్థానం, రాజును అవమానించడం నేరమన్న తమ దేశపు 1847 నాటి చట్టాన్నే కొట్టేసింది. ఆరోపించిన పని రెండు దేశాల్లోనూ నేరమైతేనే అప్పగింత అన్న సాధారణ సూత్రం కళాకారులకు చాలాసార్లు అండగా నిలుస్తుంది. ఇంటర్‌పోల్ రాజ్యాంగం మూడో అధికరణం కూడా రాజకీయ, మత స్వభావం ఉన్న వ్యవహారాల్లో ఆ సంస్థ తలదూర్చకూడదంటుంది. మీ బృందంలో ఎవరి మీదైనా నోటీసు ఉందన్న అనుమానం ఉంటే, ప్రయాణానికి ముందే ఇంటర్‌పోల్ ఫైళ్ల నియంత్రణ కమిషన్‌కు రాసి, తన పేరు మీద ఏముందో అడగొచ్చు, ఉంటే తీసేయమని కోరొచ్చు. జవాబు రావడానికి నెలలు పడుతుంది, కాబట్టి టికెట్లు కొన్నాక కాకుండా ఆహ్వానం అందిన వెంటనే రాయండి.